మేడ గది రెయిన్‌కోటు

జూన్ 12

అడిగినంత అద్దెకు బేరమాడకుండా తలూపే మనిషిని నమ్మకూడదు.

మేడ గది చూడటానికి ఇవాళ ఒక టీచరు వచ్చింది. పొడుగాటి మనిషి. పెద్ద రోడ్డు అవతలి స్కూల్లో సైన్సు చెబుతుందట. అద్దె ఎంతో చెప్పాను. నిజానికి అది బేరంలో తగ్గించడానికని పెంచి చెప్పిన మాట. ఎవరైనా ముందు అమ్మో అంటారు, తరువాత కిటికీ చిన్నదంటారు, అప్పుడు మనం ఒక మెట్టు దిగుతాం. ఈవిడ కిటికీ వైపు కూడా చూడలేదు. "సరేనమ్మా, ఎప్పుడు దిగమంటారు?" అంది.

"ఒక్కరేనా? ట్యాంకు చిన్నది. ఒక్క మనిషికైతేనే ఇస్తాను."

"ఒక్కదాన్నే" అంది, నేల చూస్తూ.

మా అమ్మాయి ఆసుపత్రి డ్యూటీ నుంచి రాగానే చెప్పాను. "టీచరా, మంచిదేగా అమ్మా" అంది. మంచిదే. కానీ టీచర్ల జీతాలు నాకు తెలియనివా? నా మనవరాలు పిచ్చుక వాళ్ళ స్కూల్లో ఏటా ఎవరో ఒకరు ఈ ఊరి అద్దెలు కట్టలేక మానేసి పోతూనే ఉంటారు. మరి ఈవిడకెక్కడిది అంత?

జూన్ 18

దిగింది. ఒక ట్రంకు పెట్టె, చుట్టిన చాప, బకెట్టు, మూడు దిండ్లు. ఒంటరి మనిషికి మూడు దిండ్లెందుకమ్మా అంటే "నాకు మెడ నొప్పండీ" అంది. మెడ నొప్పికి డాక్టర్లు ఉన్న దిండు కూడా తీసేయమంటారని మా అమ్మాయి చెప్పింది. నర్సు కదా, తెలియకుండా చెప్పదు.

జూన్ 26

వానలు పట్టుకున్నాయి. నా మిషను ముందు గదిలో, కిటికీ పక్కన. మేడ మెట్లు ఆ కిటికీ అంచునే పైకి పోతాయి. ఎవరెక్కినా ఎవరు దిగినా నేను చూడాలనుకోనక్కర లేదు, కనబడుతుంది. టీచరమ్మ బూడిద రంగు రెయిన్‌కోటు వేసుకుని, దాని టోపీ ముక్కు దాకా లాక్కుని వస్తుంది, పోతుంది. పలకరిస్తే చెయ్యి ఊపుతుంది తప్ప నోరు విప్పదు. దిగిన రోజు మాత్రం గలగలా మాట్లాడింది.

నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. మనిషి గుమ్మంలోకి వస్తే మొహం కన్నా ముందు భుజాలు చూస్తాను. ఇద్దరి కొలతలు ఒక్కటి కావు, కవల పిల్లలవైనా సరే. మొన్న ఆ కోటు ఆవిడ భుజాల మీద చక్కగా కూర్చుంది. ఇవాళ జారిపోతోంది, చేతులు వేళ్ళను మింగేస్తున్నాయి. మనిషి చిక్కిపోయిందంటే ఒప్పుకుంటాను. ఎముకలు కూడా చిక్కుతాయా?

జూన్ 28

గుమ్మం ముందు ఎప్పుడూ ఒకటే జత చెప్పులు. నిన్న పెద్దవి. ఇవాళ చిన్నవి.

జూన్ 29

మళ్ళీ పెద్దవి. నీళ్ళు పోస్తే మొక్కలు పెరుగుతాయి గానీ చెప్పులు పెరగడం నేనెక్కడా చూడలేదు.

జూలై 2

ఇవాళ మంచి మాట రాయాలి, ఎప్పుడూ అనుమానాలేనా.

పిచ్చుక లెక్కలు చేస్తోంది! నా మనవరాలు, లెక్కలంటే ఆమడ దూరం పరిగెత్తే పిల్ల. పోయినేడు లెక్కల్లో తప్పింది. ఈసారీ తప్పితే పై తరగతికి పంపనని పెద్ద మేడమ్ మా అమ్మాయిని కూర్చోబెట్టి మరీ చెప్పింది. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తం, కానీ అందరి కడుపులోనూ అదే రాయి. ఇప్పుడు స్కూలు తెరిచాక కొత్తగా ఒక లెక్కల మేడమ్ వచ్చిందట.

"మనం తప్పు చేస్తే మిగతా టీచర్లు దాన్ని కొట్టేస్తారమ్మమ్మా. ఈవిడ ఆ తప్పు దగ్గరే కూర్చుంటారు. ఎందుకలా అనుకున్నావో చెప్పు, నాకు వినాలనుంది అంటారు."

నా ముందున్న లైనింగు గుడ్డ తిప్పి చూసి, అడ్డంగా కాకుండా ఏటవాలుగా పరిస్తే రెండు చేతులూ వస్తాయని లెక్క వేసి చూపించింది. వచ్చాయి. నాకు కళ్ళు చెమర్చాయి. మేడమ్ సన్నటి మనిషట, చల్లగాలికి వణుకుతూనే పాఠం చెబుతుందట. అయితే నేనొక పైకోటు కుట్టి ఇస్తాను, లైనింగు వేసి, కొలతలు పట్టుకురా అన్నాను. మీ లెక్కల మేడమ్ లాంటి వాళ్ళ కోసం ప్రాణమైనా ఇవ్వొచ్చే అన్నాను.

పిచ్చుక ఏదో చెప్పబోయి పుస్తకంలోకి తల దూర్చింది.

జూలై 9, ఆదివారం

నేను కొలతలు దారంతో తీస్తాను, పిచ్చుకకూ అదే నేర్పాను. టేపు చూడగానే మనుషులు పొట్ట లోపలికి పీల్చుకుంటారు, దారానికి పీల్చుకోరు. మెడ వెనక మొదలుపెట్టి భుజం దగ్గర ఒక ముడి, మణికట్టు దగ్గర ఒక ముడి. పొద్దున్న దారం చేతికిచ్చి రేపు స్కూల్లో తీసుకురమ్మన్నాను. నేను రెండు బొత్తాలు కుట్టేలోగా ముడులు వేసిన దారం తెచ్చి మిషను మీద పెట్టింది.

"ఇవాళ ఆదివారం కదే?"

"మొన్నే తీశానమ్మమ్మా. మర్చిపోయాను."

నేను ఇప్పుడిచ్చిన దారంతో మొన్నెలా తీసింది? ఊహించి ముడులేసిందేమో. దారం సొరుగులో పెట్టాను. యూనిఫారాల పని మీద పడింది, తీరిక దొరికాక కత్తిరిస్తాను.

జూలై 13

ఇది రాసుకోకపోతే రేపు నేనే నమ్మను. సాయంత్రం టీచరమ్మ కోటు వేసుకుని మెట్లెక్కింది. కాసేపటికి మళ్ళీ ఎక్కింది. మధ్యలో దిగలేదు. దీపాలు పెట్టే వేళకు ఇంకోసారి ఎక్కింది. మూడుసార్లు ఎక్కిన మనిషి ఒక్కసారీ దిగకపోతే, పైన ఎంతమంది ఉన్నట్టు?

జూలై 14

"కళ్ళజోడు మార్చుకో అమ్మా" అంది మా అమ్మాయి. దానికి అన్నిటికీ కళ్ళజోడే.

జూలై 17

ట్యాంకు మధ్యాహ్నానికే అడుగంటింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, కోటు మాత్రం టోపీతో సహా ఎక్కింది. బ్రోకరు వచ్చి కూర్చుని, ఆఫీసుల్లో పనిచేసే జంట ఒకటి ఉంది, మీరిప్పుడు తీసుకునేదానికి బాగా పైనే ఇస్తారు అని ఆశ పెట్టి పోయాడు. నాకు ఆశ లేదు. పైకప్పు కారుతోంది, అంతే.

జూలై 19

మెట్ల దగ్గర ఆపి అడిగాను. "మీ కోటు వదులుగా ఉంది టీచరమ్మా, ఇలా ఇవ్వండి, రెండు కుట్లు వేసిస్తాను." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ నిజంగానే భుజాలు తడుముకుంది. తల అడ్డంగా ఊపి గబగబా ఎక్కేసింది. దగ్గర నుంచి చూశాను కదా, చేతుల చివర లోపలికి మడిచి గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. తన కోటుకు ఎవరైనా గుండుసూదులు పెట్టుకుంటారా?

జూలై 20

పిచ్చుక రోజూ సాయంత్రం పెన్సిలు కొనాలని వీధి చివరికి పోతోంది. పోయేటప్పుడు సంచి ఉబ్బి ఉంటుంది, వచ్చేటప్పుడు చప్పబడి ఉంటుంది. పెన్సిళ్ళు కొంటే సంచి నిండాలి గానీ ఖాళీ అవుతుందా? నా ఇంట్లో, నా అన్నం తినే పిల్ల.

జూలై 21

పట్టుకున్నాను.

కోటు రెండోసారి ఎక్కింది. మిషను ఆపి వెనకే ఎక్కి తలుపు కొట్టాను. పొడుగావిడ తీసింది. వెనకాల బొద్దుగా ఇంకొకావిడ, అప్పుడే విప్పిన కోటు చేతిలో పట్టుకుని, తెల్లమొహం వేసుకుని నిలబడింది. గోడ వారగా మూడు దిండ్లు, మూడు చోట్ల.

"ఒక్కదాన్నే అన్నారు కదా టీచరమ్మా?"

"అన్నానమ్మా" అంది పొడుగావిడ. దాచలేదు, అదొక్కటి చెప్పుకోవాలి. "ఒకరి జీతానికి ఈ గది రాదు. ముగ్గురం కలిస్తే వస్తుంది. వేరు వేరు స్కూళ్ళు మావి, గది వెతుక్కుంటూ తిరుగుతుంటే ఒకళ్ళకొకళ్ళం తెలిశాం."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా?"

"మీకన్నా ముందు చూసిన ఇళ్ళన్నిట్లో చెప్పామమ్మా. ముగ్గురా అని తలుపేశారు."

"మూడో ఆవిడ ఏదీ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బొద్దావిడ అంది: "ఇంకా రాలేదండీ. ఆవిణ్ణేమీ అనకండి. కావాలంటే మేమిద్దరం పోతాం. అద్దె ఎలాగో చూస్తాం. ఆవిణ్ణి మాత్రం ఉండనివ్వండి."

"ఎందుకో అంత ప్రేమ?"

"ఆవిడ ఇక్కడుండాలండీ" అని ఆగిపోయింది. ఏదో ఉంది. వీళ్ళలో వీళ్ళకు ఏదో ఒప్పందం ఉంది. నెలాఖరుకు ముగ్గురూ ఖాళీ చేయాలని చెప్పి కోటు లాక్కుని దిగాను. సాక్ష్యం నా దగ్గర ఉండాలి కదా.

దిగేసరికి మెట్ల కింద పిచ్చుక, ఖాళీ సంచి తెరుచుకుని, పై నుంచి కోటు పడుతుందని ఎదురుచూస్తోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను. ఒక మనిషి పైకి పోగానే ఈ పిల్ల కోటు సంచిలో కుక్కుకుని వీధి చివర కాచుకున్న రెండో మనిషికి అందిస్తుందన్నమాట!

"అమ్మమ్మా, ఆవిడ..." అంది.

"ఏ ఆవిడ?"

"చెప్పనని మాటిచ్చాను."

"మాటలిచ్చుకునే దాకా వచ్చిందా యవ్వారం!" అని వీపు మీద ఒకటి వేశాను. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

చీకటి పడే వేళ మూడో ఆవిడ వచ్చింది. జోరు వాన. కోటు లేదు, తల మీద పుస్తకాల సంచి పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నేను మిషను మీంచి తల ఎత్తలేదు. మొహం చూస్తే మెత్తబడతానని కాదు. చూడవలసిన పని లేదు.

జూలై 22

మా అమ్మాయితో గొడవ.

"నువ్వడిగిన అద్దె నువ్వు కట్టగలవా అమ్మా? నేను కట్టగలనా? ఈ ఇల్లు నాన్న కట్టి పోబట్టి మనమూ ఈ ఊళ్ళో ఉన్నాం గానీ, లేకపోతే మూడు దిండ్లు మనవే అయ్యేవి."

"అబద్ధం ఆడిన వాళ్ళను ఇంట్లో పెట్టుకోమంటావా?"

"నువ్వు ఆడించిన అబద్ధం అది" అని డ్యూటీకి పోయింది. నేనేం ఆడించాను? ఒక్కరే ఉండాలన్నాను, అంతేగా.

జూలై 25

పిచ్చుక నాతో మాట్లాడటం లేదు. అడిగితే ఊఁ, ఊహూఁ. "మీ లెక్కల మేడమ్ లాంటి మర్యాదస్తులు వేరు, వీళ్ళు వేరు, పెద్దయ్యాక నీకే తెలుస్తుంది" అన్నాను. నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

జూలై 31

ఖాళీ చేశారు. నేను దుకాణం మూసి మార్కెట్టుకు పోయాను. తిరిగొచ్చేసరికి గది ఊడ్చి, తాళం చెవి కిటికీ గట్టు మీద పెట్టి ఉంది. గోడ మీద మేకు కూడా పీకి సున్నం పూశారు. కోటు అడగలేదు. అడిగితే ఇచ్చేదాన్నే.

ఆగస్టు 3

ఆఫీసు జంట దిగింది. ఏడాది అగ్రిమెంటు. ఇద్దరూ తలెత్తి మాట్లాడతారు, ఇద్దరే ఉంటారు, చెప్పులు పెరగవు, తరగవు. హాయిగా ఉంది.

కిటికీలోంచి చూడటానికి ఏమీ లేదు.

ఆగస్టు 8

"లెక్కల మేడమ్ రావట్లేదు" అంది పిచ్చుక. చాలా రోజుల తరువాత తనంతట తాను అన్న మాట. జ్వరమేమోలే అన్నాను.

ఆగస్టు 10

జ్వరం కాదు. మానేసి వాళ్ళ ఊరు పోయిందట. పిల్లల్ని నడి ఏట్లో దింపేసి పోవడమేనా! ఎంత మంచిదనుకున్నాను! జీతం పుచ్చుకోలేదా, బాధ్యత ఉండక్కర లేదా? పిచ్చుక ముందే ఇవన్నీ అన్నాను. అది లేచి వెళ్ళిపోయింది. లెక్కల పీరియడులో ఇప్పుడు పిల్లల్ని ఆటకు వదిలేస్తున్నారట.

ఆగస్టు 13

యూనిఫారాల పని తెమిలింది. సొరుగులోంచి దారం తీసి, పైకోటు కత్తిరించి పూర్తి చేశాను. మాట ఇచ్చాక మనిషి ఎలాంటిదైనా కుట్టాలి, పోస్టులో పంపొచ్చు. దారం పక్కన పెట్టుకుని ముడి ముడికీ సరిచూస్తూ కుట్టాను. బాగా వచ్చింది. తగిలించడానికి గోడ వైపు తిరిగితే ఉన్న ఒక్క మేకుకూ రెయిన్‌కోటు వేలాడుతోంది. దాన్ని తీసి బల్ల మీద పడేశాను. ఒక చెయ్యి చాపుకుని పడింది.

రబ్బరు గుడ్డకు ఒక గుణం ఉంది. మామూలు గుడ్డలో సూది గుచ్చి తీస్తే పోగులు మళ్ళీ దగ్గరికొస్తాయి. రబ్బరు గుడ్డలో గుచ్చిన చిల్లు జన్మలో మూసుకోదు. ఆ చేతి మీద, గుండుసూదులు పెట్టి మడిచిన చోట, చిల్లుల వరస అలాగే ఉంది.

చేతిలో దారం ఉంది కాబట్టి పెట్టి చూశాను. మెడ వెనక కుట్టు నుంచి మొదలుపెట్టి, భుజం మీదుగా, చేతి మీదుగా. రెండో ముడి చిల్లుల వరస మీద పడింది. రెండో చేతి మీదా పెట్టాను. అక్కడే.

చేతుల పొడవు ఎంతమందికి కలవదు గనక.

ఆగస్టు 14

కలవదు. నలభై ఏళ్ళ పని నాది, నాకు తెలుసు. కలవదు.

ఆగస్టు 16

పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని దారం దాని ముందు పెట్టాను. ఏమీ అడగలేదు. అదే చెప్పింది.

"దిగిన మర్నాడే మేడమ్ నన్ను చూశారమ్మమ్మా, మెట్ల మీద. ఈ ఇల్లు నాదని ఆవిడకు తెలియదు. మీ అమ్మమ్మకు చెప్పకు అన్నారు. చెప్తే నా మొహం చూసి అద్దె తగ్గిస్తారు, రేపు నువ్వు పాసైతే అద్దె తగ్గించి మార్కులు కొనుక్కున్నావంటారు, నీ మార్కులు నీవే అవ్వాలి అన్నారు."

"తగ్గించేదాన్ని" అన్నాను.

"అవును. ప్రాణమైనా ఇవ్వొచ్చు అన్నావు కదా."

వెక్కిరింపుగా అనలేదు. వెక్కిరించి ఉంటే ఒక దెబ్బ వేసి మరిచిపోయేదాన్ని. బట్టలారేసే వంకతో పైకి పోయి ఆవిడ దగ్గర లెక్కలు చెప్పించుకునేదట. ఖాళీ చేసిన రోజు నుంచి ఆవిడ స్కూలు వరండాలో సామాను పెట్టుకుని గదుల కోసం తిరిగిందట. మిగతా ఇద్దరికీ ఎక్కడో మంచాలు దొరికాయి. ఈవిడకు దొరకలేదు.

తప్పు నాదే. ఇంకెక్కడా అనలేను, ఇక్కడ రాస్తున్నాను. నా పిల్ల చేతిలోంచి దాని మేడమ్‌ను నేనే లాక్కున్నాను.

ఆగస్టు 20

మా అమ్మాయి స్కూలుకు పోయి ఎడ్రసు అడిగింది. ఇచ్చారు. పైకోటు, రెయిన్‌కోటు రెండూ కట్టి పంపాను. రెయిన్‌కోటు చేతులు ఆవిడ కొలతకే మడిచి గట్టిగా కుట్టేశాను, ఇంకెవరికీ పట్టదు. రమ్మని రాయడానికి మొహం చాలలేదు. వస్తే ఎక్కడుంచుతాను?

ఆగస్టు 24

పై జంటను ఖాళీ చేస్తారా అని అడిగాను. అగ్రిమెంటు తెచ్చి చూపించారు. నా సంతకమే.

సెప్టెంబరు 2

సాయంత్రం పిచ్చుక మిషను పక్కన కూర్చుని తనంతట తాను లెక్క చేసుకుంటోంది. తప్పు వస్తే కొట్టేయడం లేదు. ఆ తప్పు దగ్గరే కూర్చుంటోంది. ఎవరూ అడగకపోయినా, ఎందుకలా అనుకున్నానూ అని తనలో తాను గొణుక్కుంటోంది.

గుమ్మంలో ఎవరో దగ్గారు. ఒకావిడ, చేతిలో గొడుగు, చంకన సంచి.

"మేడ మీద గది ఉందని ఎవరో చెప్పారండీ. ఈ పక్క స్కూల్లో ఇంటర్వ్యూ అయింది. గది దొరికితే చేరదామని."

"ఏం చెబుతారు?"

"లెక్కలండీ."

పిచ్చుక పెన్సిలు ఆగింది. నేను తటపటాయించడం చూసి ఆవిడ గబగబా అంది: "ఒక్కదాన్నేనండీ. నీళ్ళు కూడా ఎక్కువ వాడను."

నేల చూస్తూ అంది, గొంతును బట్టే తెలిసింది.

"ఎంతమందైనా ఫర్వాలేదమ్మా" అన్నాను. "కానీ గది లేదు. ఇచ్చేశాను."

కూర్చోమన్నాను, కూర్చోలేదు. ఇంకా మూడు ఇళ్ళు చూడాలంది. మంచినీళ్ళు తాగి, థాంక్సండీ అని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. పిచ్చుక కిటికీ దగ్గరికి పోయి, మలుపు తిరిగేదాకా చూసి, వచ్చి మళ్ళీ పుస్తకం ముందు కూర్చుంది.

ఆవిడ భుజాలెంతో నాకు తెలియదు. నేను తలెత్తలేదు.